మా పాప పదో తరగతి సోషల్: ఏడాదంతా చూశాక రాస్తున్న రివ్యూ

బడి గురించి ఎవరు రాసినా ఫీజు, బస్సు, లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు అంటారు, సోషల్ మాట ఎవరూ ఎత్తరు. నేను ఆ ఒక్కదాని గురించే రాస్తున్నాను. మా పాప 2024-25లో నారాయణపేట జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి చదివింది. బడి పేరు రాయడం లేదు. మెచ్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి, గట్టిగా అడగాల్సినవీ ఉన్నాయి, వాటి వల్ల అక్కడ ఎవరికీ ఇబ్బంది రాకూడదు. ఒక్క ముక్కలో చెప్పాలంటే జూన్ నుంచి డిసెంబరు దాకా జరిగిన చదువుకు అయిదుకు అయిదు ఇస్తాను, జనవరి నుంచి పరీక్షల దాకా జరిగినదానికి రెండు. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగ్గానే ఉంటుంది.

ఎనిమిది దాకా పాప ప్రైవేటులో చదివింది. అక్కడ సోషల్ పీరియడ్ అంటే లెక్కల సార్‌కి సిలబస్ మిగిలిపోతే ఇచ్చే పీరియడ్. పాఠం చదివించేవాళ్లు కాదు, ఇంపార్టెంట్ జవాబులకు పెన్సిల్‌తో గీతలు పెట్టించి రేపటికి నేర్చుకుని రమ్మనేవాళ్లు. తొమ్మిదిలో ఫీజు కట్టలేక ఇక్కడ చేర్చాం. ఆ ఏడాది ఇక్కడ సోషల్ పోస్టు ఖాళీ, తెలుగు సార్ వారానికి రెండు మూడు రోజులు చూసుకున్నారు. 2024 వేసవిలో టీచర్ల ప్రమోషన్లు, బదిలీలు జరిగినప్పుడు కొత్త మేడమ్ వచ్చారు. అంటే మా పాప నిజంగా సోషల్ చదివింది ఒక్క ఏడాదే, అదీ పదో తరగతిలో.

మొదటి పాఠం భారతదేశ భౌగోళిక స్వరూపాలు. పాపది ఇంగ్లీషు మీడియం, పుస్తకంలో పేరు 'రిలీఫ్ ఫీచర్స్' అని ఉంటుంది. రిలీఫ్ అంటే నొప్పి తగ్గడం అనుకుంది పాప, తల నొప్పికి బిళ్ల వేసుకుంటే రిలీఫ్ అంటాం కదా. వారం రోజులు ఆ అర్థంతోనే చదివిందట, ఎవరినీ అడగలేదట. మా పెద్దబ్బాయి తెలుగు మీడియంలో చదివిన పాత పుస్తకం అటక మీద ఉంటే దింపి ఇచ్చాను, అందులో చూసుకున్నాక గానీ ఎత్తుపల్లాల సంగతి అని తెలియలేదు. ఇది పాపది ఒక్కదానిదే కాదు, క్లాసులో సగం మందిది. మేడమ్ ఈ సంగతి కనిపెట్టి మరునాడు పిల్లల్ని బడి వెనక్కి తీసుకెళ్లారు. పాత బల్ల చెక్క ఒకటి పడేసి, పడమటి వైపు కింద రెండు ఇటుకలు పెట్టించి, మీద తడి మట్టి మెత్తించారు. ఇటుకల వైపు గట్టు కట్టి ఇవి పడమటి కనుమలు అన్నారు, ఇటు వాలుగా దిగుతున్నది దక్కన్ పీఠభూమి అన్నారు, చెంబుతో నీళ్లు పోయమన్నారు. నీళ్లు గట్టు ఇవతల నుంచి తూర్పుకే పారాయి. మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణ పక్కనే ఉన్న అరేబియా సముద్రాన్ని వదిలేసి, ఇంత దూరం మన దాకా వచ్చి, బంగాళాఖాతంలో ఎందుకు కలుస్తుందో పాప ఆ రోజు సాయంత్రం నాకు వంటింట్లో అట్లకాడ వంచి చూపించింది.

ఆ పాఠం నుంచే మేడమ్ పద్ధతి అర్థమైంది. ఏ పాఠమైనా మా ఊరికి తీసుకొస్తారు. శీతోష్ణస్థితి పాఠంలో నైరుతి రుతుపవనాలు వస్తాయి, వానంతా కనుమలకు అవతల కొంకణంలో కురిసిపోయి ఇవతలికి వచ్చేసరికి మబ్బు తేలికైపోతుంది, మనం వర్షచ్ఛాయ ప్రాంతంలో ఉన్నాం. ఆ ఒక్క మాటతో మా పాలమూరు కరువు, మా బోర్లు, మా వలసలు అన్నీ పిల్లలకు ఒక వరసలో కనబడ్డాయి. నదుల పాఠంలో మహారాష్ట్రలోని హివారే బజార్ ఊరి కథ ఉంది, ఒకప్పటి అహ్మద్‌నగర్, ఇప్పటి అహిల్యానగర్ జిల్లాలోది. సేద్యానికి బోర్లు వేయకూడదు, చెరకు, అరటి వేయకూడదు, ఊరి భూమి బయటివాళ్లకు అమ్మకూడదు అని ఊరంతా కూర్చుని కట్టుబాటు చేసుకున్నారు, వాననీళ్లు ఆపుకున్నారు. పిల్లలు ఊళ్లో బోర్లు లెక్కపెట్టారు, ఏ బోరు ఏ ఏడాది వేశారు, ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయి, ఇప్పుడు పోస్తున్నదా లేదా అని. మా వీధి చివర రైతు ఒకాయన ఎండిపోయిన మూడు బోర్ల సంగతి చెప్తూ గంటసేపు పిల్లలతో కూర్చున్నాడు. మనమూ అట్లా కట్టుబాటు పెట్టుకోవచ్చు కదా అని పిల్లలు అడిగితే, నా పక్క పొలం వాడు ఆగితే నేనూ ఆగుతా అన్నాడట. పాప ఆ మాటను నోట్సులో రాసుకొచ్చింది.

ఇక వలసల పాఠం. దీని గురించి చెప్పాలనే అసలు ఈ రివ్యూ మొదలుపెట్టాను.

పుస్తకంలో మహారాష్ట్రలో చెరకు నరకడానికి వెళ్లే కూలీల గురించి ఉంది. మేడమ్ ఆ పేజీ చదివించి, మీ ఇంట్లో వలస పోయినవాళ్లు ఎవరు, చేతులెత్తండి అన్నారట. మొదట నాలుగు చేతులు లేచాయి, కాసేపటికి దాదాపు అన్నీ లేచాయి. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకు రమ్మని ప్రశ్నలు ఇచ్చారు. ఎప్పుడు వెళ్లారు, ఎవరు తీసుకెళ్లారు, అడ్వాన్సు ఎంత, ఏం కట్టుకుని వెళ్లారు, పిల్లల్ని ఎవరి దగ్గర వదిలారు, తిరిగి ఎందుకు వచ్చారు.

పాప వాళ్ల అవ్వ ముందు నోట్సు పట్టుకుని కూర్చుంది. అవ్వ అంటే మా అత్తమ్మ. నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చి ఇరవై ఏళ్లు దాటింది, వాళ్లు కట్టల పనికి పోయేవాళ్లని తెలుసు, అంతకు మించి నేనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ రోజు చెప్పింది. దీపావళి దాటాక గుంపు మేస్త్రి వచ్చి మనిషికింత అని అడ్వాన్సు ఇచ్చి పేర్లు రాసుకునేవాడట. జొన్న రొట్టెలు ఎండబెట్టి మూట కట్టేవాళ్లు, కారప్పొడి ఒక డబ్బాలో. చిన్నవాణ్ణి తల్లిగారింట్లో వదిలేసి పెద్దవాణ్ణి వెంట తీసుకుపోయింది, ఆ పెద్దవాడే మా ఆయన. ఏం కట్టావవ్వా అని పాప అడిగితే "కట్ట" అంది. ఏ కట్ట అంటే పెద్ద కట్ట అంది. ఇంక పేరు తెలియదు. కింద కృష్ణమ్మ, పైన మల్లన్న గుడి, చుట్టూ అడవి, రాత్రుళ్లు కూడా లైట్లు వేసి పని చేయించేవాళ్లు అంది. పాప అట్లాసు తెచ్చి కృష్ణ వెంబడి వేలు పెట్టుకుంటూ పోయి శ్రీశైలం దగ్గర ఆగింది. 1963లో పునాదిరాయి వేసి ఏళ్ల తరబడి కట్టిన డ్యామ్ అది, మా అత్తమ్మ అక్కడ తట్టలు మోసింది. మ్యాప్ పాయింటింగ్‌లో పిల్లలు చుక్క పెట్టి పేరు రాసే చోటు. అత్తమ్మకు చదువు రాదు, ఆ చుక్క మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. ఇంత చిన్నగుందేంది అంది.

మా ఆయన చదువు రెండో తరగతితో ఎందుకు ఆగిందో పాపకు ఆ రోజే తెలిసింది. డ్యామ్ దగ్గర బడి లేదు. తర్వాత పెద్దయ్యాక ఆయనా బొంబాయి బస్సు ఎక్కాడు, పదకొండేళ్లు అక్కడే కాంక్రీటు పని. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు అని మేము మామూలుగా అనుకునే మాటే, పాప దాన్ని పద్నాలుగు పేజీలు రాసింది. చివరి పేజీలో ఒక పట్టిక వేసింది, మూడు తరాలు, ఎవరు ఎక్కడికి పోయారు, ఎవరి చదువు ఎక్కడ ఆగింది అని. తన పేరు ఎదురుగా ఆ గడి ఖాళీగా వదిలింది.

డిసెంబరులో ఒక రోజు అలంపూర్ తీసుకెళ్లారు, మనిషికి 250 రూపాయలు తీసుకున్నారు, పులిహోర మేమే కట్టిచ్చాం. నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల కాలం నాటివి, తుంగభద్ర ఒడ్డున ఉంటాయి. మా పాపను పట్టుకున్నది మాత్రం ఆ గుడులు కాదు, కూడవెల్లి సంగమేశ్వరాలయం. శ్రీశైలం నీళ్లలో మునిగిపోతుందని రాయికి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టారు. గుడిని తెచ్చారు సరే, అక్కడ ఉన్న ఊళ్లవాళ్లు ఎక్కడికి పోయారు మేడమ్ అని ఒక అబ్బాయి అడిగాడట. ఆ డ్యామ్ కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చాలా ఊళ్లు మునిగాయి, ఆ నిర్వాసితుల గొడవ ఎన్నో ఏళ్లు నడిచింది. సామాజిక ఉద్యమాల పాఠంలో నర్మదా బచావో ఆందోళన్, అంటే నర్మద మీద డ్యాముల వల్ల ఊళ్లు మునిగేవాళ్ల పోరాటం వస్తుంది. ఆ పాఠం అప్పటికి ఇంకా మొదలే కాలేదు, మేడమ్ అక్కడే గుడి మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పేశారు. పాప ఇంటికొచ్చి, అవ్వ పని కోసం ఊరు వదిలి కట్టిన కట్ట వల్ల ఇంకో అవ్వ ఊరు వదిలిపోయింది అమ్మా అంది. అప్పటికి దానికి పదిహేనేళ్లు.

నవంబరులో ప్రభుత్వం ఇంటింటి కుల సర్వే పెట్టింది కదా. జనాభా పాఠం అప్పటికే అయిపోయింది, 2011 తర్వాత దేశంలో జనగణన జరగలేదని క్లాసులో చెప్పారు. ఎన్యూమరేటర్ మా ఇంటికి వచ్చినప్పుడు పాప పక్కనే కూర్చుని ఫారం అంతా చూసింది, 75 ప్రశ్నలు. ఇది సెన్సస్సా, సర్వేనా, తేడా ఏంటి అని ఆయన్ని అడిగింది. ఆయన ఓపిగ్గా చెప్పారు, ప్రైమరీ స్కూల్ టీచరే ఆయన. వలస వెళ్లినవాళ్ల గురించిన ప్రశ్న దగ్గర మా ఆయన కాస్త నసిగితే పాపే జవాబు చెప్పింది.

అన్ని పాఠాలూ ఇలా జరిగాయని కాదు. రాంపూర్ గ్రామ ఆర్థిక వ్యవస్థ పాఠం మా ఊళ్లో కౌలు రైతులతో పోల్చి బాగానే చెప్పారు. రాజ్యాంగం, ఎన్నికలు కూడా ఫర్వాలేదు, క్లాసు లీడర్ కోసం చీటీలతో ఓటింగ్ పెట్టించారు, పిల్లలకు సరదాగా గడిచింది. ప్రపంచ యుద్ధాల పాఠాలు మాత్రం అస్సలు ఎక్కలేదు. ఇందులో పుస్తకం తప్పు కూడా ఉంది. రెండు యుద్ధాల కారణాలూ పక్కపక్కన పెట్టి పోలుస్తూ పోతుంది. ముందు రెండు కథలూ తెలిసినవాళ్లకు ఆ పద్ధతి బాగుంటుంది, మొదటిసారి వింటున్న పిల్లలకు ఏది 1914 సంగతో ఏది 1939 సంగతో కలగాపులగం అయిపోతుంది. నేను కూడా తెలుగు పుస్తకంలో రెండుసార్లు చదివాను, నాకూ తికమకే. వర్సెయిల్స్ సంధి మొదటి యుద్ధం తర్వాతిది, 1919లోది అని ఒక కాగితం మీద కాలరేఖ గీసి గోడకు అంటించాక గానీ దారి దొరకలేదు. అప్పటికే సిలబస్ వెనకబడిందని తొందర పడ్డారు, అంత పెద్ద పాఠాలు రెండు వారాల్లో చుట్టేశారు.

పుస్తకం గురించి ఇంకో మాట. మొత్తం మీద నాకు చాలా నచ్చింది. మణిపూర్ మైరా పైబీ అమ్మలు కాగడాలు పట్టుకుని రాత్రుళ్లు ఊరికి కాపలా కాసిన సంగతి నేను చదివిన రోజుల్లో ఏ పుస్తకంలోనూ లేదు. పాఠం మధ్యలో ఆపి, మీ ప్రాంతంలో ఎలా ఉందో చర్చించండి అని అడుగుతుంది, అది మంచి ప్రశ్న. ఇంగ్లీషు మాత్రం మా పిల్లల స్థాయికి బరువు. తెలుగు పుస్తకంలో పదాలేమో ఇంకో రకం బరువు, పారిశ్రామికీకరణ, సుస్థిరాభివృద్ధి అని చదువుతుంటే నోరు తిరగదు. రెండూ పక్కన పెట్టుకుని చదివితే ఒకదాన్ని బట్టి ఇంకోటి అర్థమవుతుంది. ఇంగ్లీషు మీడియం పిల్లల తల్లిదండ్రులు ఎవరి దగ్గరైనా పాత తెలుగు పుస్తకం ఉంటే అడిగి తెచ్చుకోండి, ఇది మాకు ట్యూషన్ కంటే ఎక్కువ పని చేసింది.

ఇప్పుడు జనవరి. సంక్రాంతి సెలవుల తర్వాత బడి మారిపోయింది. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట ప్రత్యేక తరగతులు, రోజూ స్లిప్ టెస్టులు. ఇవి ఉండాలి, నేను కాదనను. 80 మార్కుల పరీక్ష, దానికి బిట్లు నేర్చుకోవాలి, జవాబు సమయానికి రాయడం అలవాటు కావాలి. బడిలోనే వేసే ఇంటర్నల్ 20 మార్కులు తీసేస్తున్నారని నవంబరు చివర ఒక రోజు అన్నారు, ఈ ఏడాదికి ఉంచుతాం అని మరునాడు అన్నారు, దాంతో పిల్లలకు, టీచర్లకు అందరికీ టెన్షన్ పెరిగింది. అదీ నాకు తెలుసు. కానీ డిసెంబరు దాకా ప్రశ్నలడిగిన పిల్లలను జనవరి నుంచి నోరెత్తనివ్వలేదు. గైడులో జవాబు ఉన్నది ఉన్నట్టు రావాలి. పరీక్షలో ఒక రకం ప్రశ్న ఉంటుంది, ఒక పేరా ఇచ్చి చదివి వ్యాఖ్యానించండి అంటారు. అంటే పిల్ల తన ఆలోచన రాయాలి, ఆ ప్రశ్న పెట్టిందే అందుకు. దానికి కూడా గైడు జవాబు బట్టీ పట్టించారు. మా పాప ఒక స్లిప్ టెస్టులో వలసల పేరాకు తన మాటల్లో రాస్తే నాలుగుకు ఒకటిన్నర వేశారు, పక్కన 'పాయింట్లు లేవు' అని ఎర్ర సిరాతో రాశారు. దిద్దింది మేడమ్ కాదు, రివిజన్‌కి వచ్చిన వేరే టీచరు. పాప ఆ కాగితం నాకు చూపించకుండా బ్యాగు అడుగున మడిచి పెట్టింది, జామెట్రీ బాక్సు కోసం వెతుకుతుంటే దొరికింది.

ప్రాజెక్టు మార్కులది ఇంకో బాధ. అవ్వ మీద రాసిన ఆ పద్నాలుగు పేజీలకు అయిదుకు అయిదు వచ్చాయి. నెట్ సెంటర్లో పాతిక రూపాయలిచ్చి కలర్ ప్రింట్ తీయించుకున్నవాళ్లకూ అయిదుకు అయిదే. ఎవరి మార్కులూ తగ్గించమని నేను అనడం లేదు, పిల్లలందరూ పాస్ కావాలి. కనీసం ఒక్క మాట, ఒక్క వాక్యం, ఇది చదివాను అని ఆ నోట్సు చివర రాసి ఉంటే బాగుండేది. ఫిబ్రవరిలో పేరెంట్స్ మీటింగులో మేడమ్‌ను అడిగాను. ఆమె దాచలేదు. "రెండు సెక్షన్లు, నాలుగు ఫార్మేటివ్‌లు, ఒక్కోదానికి ఒక్కో పిల్ల నాలుగు రకాల పని చేయాలి, అన్నీ చదవడం నా వల్ల కావడం లేదమ్మా, మీ పాపది మాత్రం ఇంటికి తీసుకెళ్లి చదివాను" అన్నారు. ఆ మాట పాపకు చెప్పండి మేడమ్ అన్నాను. మరునాడు క్లాసులో చెప్పారట, అందరి ముందు. అందుకే రెండు ఇచ్చాను, లేకపోతే ఒకటే ఇచ్చేదాన్ని.

ఖర్చు సంగతి అడిగేవాళ్లకు: ఫీజు లేదు, పుస్తకాలు ఉచితం. మేము కొన్నది అట్లాసు, అవుట్‌లైన్ మ్యాపుల కట్ట, ఒక గైడు. గైడు లేకపోయినా నడిచేది, మ్యాపుల కట్ట మాత్రం జూన్‌లోనే కొనండి. మా బడిలో మ్యాపులు సెప్టెంబరు దాకా రాలేదు, మేడమ్ బోర్డు మీద గీసిన భారతదేశాన్ని పిల్లలు నోట్సులో దించుకుంటే గుజరాత్ ఒకరిది ముక్కులా, ఒకరిది చెవిలా వచ్చింది. రోజుకొక మ్యాపు, అయిదు చుక్కలు, అంతే. నిద్రపోయే ముందు పది నిమిషాలు చాలు. కృష్ణ మన రాష్ట్రంలోకి వచ్చే తంగిడి మాకు దగ్గరే, అక్కడ భీమ వచ్చి కలుస్తుంది. ఒక ఆదివారం బండి మీద తీసుకెళ్లి చూపించాను, ఆ తర్వాత ఆ రెండు నదుల్ని పాప ఏ మ్యాపులోనూ తప్పు పెట్టలేదు.

ఫైనల్‌లో సోషల్‌కి మంచి మార్కులే వచ్చాయి, లెక్కల కంటే ఎక్కువ. ఇంటర్‌లో హెచ్ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్) తీసుకుంటానంది. చుట్టాలందరూ ఫోన్లు, తెలివైన పిల్లను ఆర్ట్స్‌లో పడేస్తారా అని. మా ఆయన ఒక్కరోజు ఆలోచించి సరే అన్నాడు. గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో చేరింది.

మా చిన్నోడు వచ్చే జూన్‌లో అదే బడిలో తొమ్మిదికి వస్తాడు. మేడమ్ ఇంకా అక్కడే ఉన్నారు, కనుక్కున్నాను. ఈసారి ఫిబ్రవరిలో కాదు, మొదటి మీటింగులోనే అడుగుతాను, ప్రాజెక్టు చదివి చివర ఒక్క వాక్యం రాయండి అని, వ్యాఖ్యానించండి అన్న ప్రశ్నకు పిల్లల సొంత జవాబు ఒప్పుకోండి అని. మీ పిల్లలు మా మండలంలో చదువుతుంటే మీరూ రండి, నలుగురం కలిసి అడిగితే వింటారు. అట్లాసు కొత్తది కొనక్కర్లేదు, పాపదే ఉంది. శ్రీశైలం దగ్గర కాగితం కొంచెం నల్లబడింది, అత్తమ్మ ఇప్పటికీ అప్పుడప్పుడు తీయించుకుని చూస్తుంది.